భాగవత గోష్ఠి – సర్వసమ్మత సిద్ధాంతములు

శ్రీమతే రామానుజాయ నమః

ప్రియ భగవద్బంధువులారా!

మనము ఒకరినొకరు పిలుచుకొను ఈ మాటలోనే నేటి ప్రసంగ విషయము ఇమిడియున్నది. బంధుత్వము పలు విధములు. జన్మచే కలుగు బంధుత్వ మొకటి, వివాహముచే కలుగునది మరియొకటి. భగవంతుని మూలముగా కలుగు బంధుత్వము మూడవది. తోడబుట్టినవాడు ఏమి నమ్మినను, ఏమి నమ్మకున్నను తోడబుట్టినవాడే. భాగవత గోష్ఠి యట్లు గాదు. అది విశ్వాసముచే ఏర్పడిన కుటుంబము. కనుక ఇచట మూడు ప్రశ్నలు తప్పవు. ఈ కుటుంబములోని వారందరును దేనిని అంగీకరించిరి? దేనిని అంగీకరించినవాడు ఇందులోనివాడగును? ఏ విషయమున అభిప్రాయము భేదించినను ఇందులోనివాడుగనే నిలుచును?

ఇది పండితుల చర్చయని తలపరాదు. ధనుర్మాసమున ముప్పది దినములు తెల్లవారుజామున లేచి, ఒక్క కంఠముతో తిరుప్పావై అనుసంధించిన వారు, తిరునామము ధరించు తీరును గూర్చియో, తీర్థము ముందెవరికి ఈయవలెనను దానిని గూర్చియో మాటామాటా పెంచుకొని రెండు జట్లుగా విడిపోవుట మన యూళ్లలో ఎరుగనిది గాదు. అట్లు విడిపోయిన వారిలో ఏ ఒక్కరును శ్రీమన్నారాయణుని విడిచినవారు గారు. కాని గోష్ఠి మాత్రము విచ్ఛిన్నమైనది. ప్రధానమేదో, అప్రధానమేదో తెలియకపోవుటయే దీనికి మూలము. మన పూర్వాచార్యులు ఈ వివేకమును ఎట్లు నేర్పిరో క్రమముగా విచారింతము.

గోష్ఠి యనగా నేమి?

దేవాలయమున దివ్యప్రబంధమును అనుసంధించుటకై స్వామి సన్నిధిలో కూడి నిలుచు భక్త సమూహమునకు గోష్ఠియని పేరు. అధ్యాపకులు ముందు నడచుచు, స్వామి వెనుక వేంచేయగా, వేదపారాయణ గోష్ఠి ఆయన వెనుక నడచుట ఉత్సవములలో మనము సేవించుచున్నాము. పారాయణానంతరము తీర్థము, శఠారి, ప్రసాదము వరుసగా వినియోగమగును. ఆ శఠారి యనునది స్వామి పాదుక. దానికి నమ్మాళ్వారుల పేరు పెట్టుకొంటిమి. ఆళ్వారులు జన్మచే చతుర్థ వర్ణమునకు చెందినవారు. వేదము చదివిన పండితుడును, అక్షరము రాని సేద్యగాడును ఆ ఒక్క పాదుక క్రిందనే తలవంచుదురు. గోష్ఠి స్వరూపమును తెలుపుటకు ఇంతకన్న వేరు వ్యాఖ్యానము అక్కరలేదు.

మొదటి అంగీకారము: ప్రమాణము

ఏ సమాజమైనను మొదట నిర్ణయించుకొనవలసినది ప్రమాణమును. వాదము వచ్చినపుడు దేనిని చూచి తీర్చుకొందుమో అది ప్రమాణము. శ్రీరంగమున యామునాచార్యులు పరమపదించిన వేళ, ఆయన దివ్య శరీరమున మూడు వ్రేళ్లు ముడుచుకొనియుండెననియు, శ్రీరామానుజులు మూడు ప్రతిజ్ఞలు చేయగా అవి ఒక్కొక్కటిగా తెరచుకొనెననియు గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి. బ్రహ్మసూత్రములకు విశిష్టాద్వైత పరమైన భాష్యము రచించుట మొదటిది. పరాశర వ్యాస మహర్షుల నామములను లోకమున నిలుపుట రెండవది. నమ్మాళ్వారుల శ్రీసూక్తులను, ఆ పేరును వ్యాపింపజేయుట మూడవది.

శ్రీభాష్యముచే మొదటి ప్రతిజ్ఞ నెరవేరినది. కూరేశుల కుమారుని పరాశర భట్టరుగా ప్రసిద్ధి పొందజేయుటచే రెండవదియు, ఆళ్వారుల జన్మస్థలమైన కురుగూరు పేరిట తిరుక్కురుగై పిరాన్ పిళ్లాన్ అను శిష్యునిచే తిరువాయ్మొழிకి ఆరాయిరప్పడి యను వ్యాఖ్యానము వ్రాయించుటచే మూడవదియు నెరవేరినవి.

ఈ మూడు ప్రతిజ్ఞలను ఒకచోట చేర్చి చూడుడు. ఉపనిషత్తులును బ్రహ్మసూత్రములును ఒక ప్రక్క, విష్ణుపురాణాదులు ఒక ప్రక్క, ఆళ్వారుల ద్రావిడ ప్రబంధములు ఒక ప్రక్క. సంస్కృత వేదాంతమును ద్రావిడ వేదాంతమును సమానముగా ప్రమాణమని గ్రహించుటచేతనే మన దర్శనమునకు ఉభయవేదాంతమను పేరు వచ్చినది. భాషనుబట్టి పవిత్రతను కొలువరాదన్న నిర్ణయము ఆనాడే జరిగినది. తెలుగునాట తాళ్లపాక అన్నమాచార్యులు తెలుగు సంకీర్తనములతో వేంకటేశ్వరుని సేవించుటకును, ఆ సంకీర్తనములు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయమున భద్రపరుపబడుటకును ఈ నిర్ణయమే బాట వేసినది.

ఆరు మాటలు

ప్రమాణ గ్రంథములు సముద్రము వంటివి. సామాన్య భక్తునికి వాని సారము కొద్ది మాటలలో కావలెను. కాంచీపురమున వరదరాజస్వామికి ఆలవట్ట కైంకర్యము చేయుచుండిన తిరుక్కచ్చి నంబిని, అనగా కాంచీపూర్ణుని, శ్రీరామానుజులు ఆశ్రయించి, తన మనస్సులోని సందేహములను స్వామికి విన్నవింపుమని కోరిరి. స్వామి కాంచీపూర్ణుని ద్వారా ఆరు విషయములు అనుగ్రహించెనని సంప్రదాయము.

మొదటిది, తానే పరతత్త్వమని. రెండవది, జీవేశ్వరులకు భేదము సత్యమని. మూడవది, మోక్షమునకు ప్రపత్తియే ఉపాయమని. నాల్గవది, ప్రపన్నునికి అంత్యకాలమున స్మరణ నిర్బంధము లేదని. ఐదవది, ఈ శరీరము తీరిన పిమ్మట మోక్షము నిశ్చయమని. ఆరవది, మహాపూర్ణుని ఆచార్యునిగా ఆశ్రయింపుమని.

ఇందులో నాల్గవ మాటను కొంచెము నిలిచి ఆలోచింపవలెను. రోగముచే స్పృహ తప్పి, నోట మాట రాక, మనసున స్వామిని తలచుకొనలేక కన్నుమూసిన భక్తుని గతి యేమి? ఇంటిలో అట్టి మరణమును చూచినవారిని ఈ ప్రశ్న ఏండ్ల తరబడి పీడించును. స్వామి సమాధానము స్పష్టము. దేహము పటుత్వముతో ఉన్నపుడు శరణాగతి చేసినవానిని, అతడు మరచిన వేళ తాను మరువడు. సిద్ధాంతమనునది ఎక్కడనో గ్రంథములలో నుండు ఎండుమాట గాదు. ఆపత్కాలమున కన్నీరు తుడుచునది యదియే.

ఆరవ మాటయు గమనింపదగినది. తత్త్వమును తెలిపిన స్వామియే, ఆచార్యుని చెంతకు పొమ్మని చివర ఆజ్ఞాపించెను. స్వయముగా తెలిసికొంటినని ఒంటరిగా నుండుట మన మార్గము గాదు. జ్ఞానము గురుముఖముగా, గోష్ఠీముఖముగా రావలెను.

తత్త్వము, హితము, పురుషార్థము

పూర్వాచార్యులు తెలిసికొనవలసిన దానినంతయు మూడు శీర్షికల క్రింద నిలిపిరి. ఉన్నదేది యను ప్రశ్నకు సమాధానము తత్త్వము. చేయవలసినదేది యను ప్రశ్నకు సమాధానము హితము. పొందవలసినదేది యను ప్రశ్నకు సమాధానము పురుషార్థము.

చిత్తు, అచిత్తు, ఈశ్వరుడు అను మూడును తత్త్వములు. చిదచిత్తులు ఈశ్వరునికి శరీరము. ఈశ్వరుడు వానికి ఆత్మ. భక్తి ప్రపత్తులు హితము. శ్రీవైకుంఠమున నిత్య కైంకర్యము పురుషార్థము. దీనినే పిళ్లై లోకాచార్యులు అర్థపంచకమను గ్రంథమున ఐదు విధములుగా విడదీసి బోధించిరి. అవి జీవుని స్వరూపము, పరమాత్మ స్వరూపము, పురుషార్థ స్వరూపము, దానిని పొందు ఉపాయ స్వరూపము, దానికి అడ్డువచ్చు విరోధి స్వరూపము.

ఒక దృష్టాంతముచే దీనిని గ్రహింపవచ్చును. ఊరికి దూరమున తప్పిపోయిన బాలుడున్నాడు. తానెవరి బిడ్డయో అతనికి తెలియవలెను. తండ్రి యెవరో తెలియవలెను. ఇంటికి చేరినచో కలుగు సుఖమేదో తెలియవలెను. చేరు దారి తెలియవలెను. దారిలోని ముండ్లు, గోతులు ఎక్కడ ఉన్నవో తెలియవలెను. ఐదింటిలో ఏ ఒక్కటి తెలియకున్నను ఇల్లు చేరుట దుర్లభము.

తిరుమంత్రము, ద్వయము, చరమశ్లోకము అను రహస్యత్రయమున ఈ ఐదర్థములును నిక్షిప్తమై యున్నవని పెద్దలు వివరించిరి. పరాశర భట్టరు అష్టశ్లోకిని రచించినను, వేదాంత దేశికులు రహస్యత్రయసారమును రచించినను ఈ మూడింటి అర్థమును తెలుపుటకే. రచనలు వేరు, కాలములు వేరు; వ్యాఖ్యానింపబడిన మంత్రములు మాత్రము ఆ మూడే.

గోష్ఠిలో ప్రవేశము

ఈ సిద్ధాంతములను అంగీకరించినవాడు పంచసంస్కారములను పొంది గోష్ఠిలో చేరును. భుజములపై శంఖచక్ర ముద్రలు ధరించుట తాపము. ద్వాదశ ఊర్ధ్వపుండ్రములు ధరించుట పుండ్రము. దాసనామము స్వీకరించుట నామము. రహస్యత్రయ ఉపదేశము మంత్రము. భగవదారాధన క్రమమును నేర్చుకొనుట యాగము.

దాసనామమును గూర్చి ఒక్క మాట. గోష్ఠిలో చేరిన నాటి నుండి అతడు రామానుజ దాసుడు. ఊరిలో అతడు మోతుబరి కావచ్చును, కూలివాడు కావచ్చును. కచేరీలో అధికారి కావచ్చును, బంట్రోతు కావచ్చును. సన్నిధిలో ఇరువురికి ఉన్న బిరుదు ఒక్కటే. దాసుడు అను మాట చివర ఉన్నంతవరకు పెద్దదాసుడు, చిన్నదాసుడు అను తారతమ్యమునకు తావు లేదు.

ఈ ప్రవేశ ద్వారము ఎవరికి తెరచియుండవలెను? తిరుక్కోష్టియూరు వృత్తాంతము దీనికి సమాధానము. శ్రీరామానుజులు మంత్రార్థమునకై గోష్ఠీపూర్ణుల కడకు పదునెనిమిది పర్యాయములు నడచిపోయిరి. చివరకు ఉపదేశము లభించినది, ఎవరికిని చెప్పరాదను నిబంధనతో. లోకమున ప్రసిద్ధమైన కథ ప్రకారము, ఆయన అచటి సౌమ్యనారాయణస్వామి ఆలయముపైకి ఎక్కి, ఆర్తితో వచ్చిన వారందరికిని ఆ అర్థమును వినిపించిరి. గురువాజ్ఞ మీరినందుకు నరకము వచ్చునుగదా యని గోష్ఠీపూర్ణులు అడుగగా, ఇందరు తరింతురేని తానొక్కడు నరకమునకు పోవుట మేలేయని మనవి చేసిరి. గోష్ఠీపూర్ణులు ఆయనను కౌగిలించుకొని, ఎంబెరుమానార్ అని పిలిచిరి.

ఈ కథను కొందరు నియమోల్లంఘనమునకు ఉదాహరణగా చెప్పుకొందురు. అది సరియైన అన్వయము గాదు. శ్రీరామానుజులు పదునెనిమిది మార్లు నడచిరి. మంత్రపు విలువను తగ్గింపలేదు. దాని ఫలమును తానొక్కడే అనుభవించుటకు సమ్మతింపలేదు. శిక్షను తప్పించుకొన జూడలేదు. తనపై వేసికొనుటకు సిద్ధపడిరి. విలువయు తగ్గరాదు, తలుపును మూయరాదు. ఈ రెండింటిని కలుపుటయే గోష్ఠీ ధర్మము.

గోష్ఠిని నిలుపు గుణములు

సిద్ధాంతము అంగీకరించిన మాత్రమున సరిపోదు. అది శీలముగా మారినదో లేదో చూడవలెను. శ్రీరంగమున జరిగిన ధనుర్దాసు వృత్తాంతము దీనికి ఒరగల్లు వంటిది.

ధనుర్దాసు మల్లయోధుడు. భార్య హేమాంబ. శ్రీరామానుజుల కటాక్షముచే ఇరువురును గొప్ప భాగవతులైరి. శ్రీరామానుజులు కావేరీ స్నానమునకు పోవునపుడు దాశరథి చేతిని, స్నానము చేసి వచ్చునపుడు ధనుర్దాసు చేతిని ఊతగా గొనెడివారు. మఠమందలి కొందరు శిష్యులకు ఇది కంటగింపైనది. అపుడు శ్రీరామానుజులు ఒక రాత్రి ఆ శిష్యులు ఆరవేసిన వస్త్రముల అంచులను చింపించిరి. తెల్లవారిన తోడనే వారు ఒకరినొకరు నిందించుకొని కలహించిరి. తరువాత అదే శిష్యులను ధనుర్దాసు ఇంటికి పంపి, నిద్రించుచున్న హేమాంబ ఆభరణములను తెమ్మనిరి. వారు ఒక ప్రక్క నగలు తీయుచుండగా ఆమెకు మెలకువ వచ్చినది. వచ్చినవారు భాగవతులని గ్రహించి, రెండవ ప్రక్క నగలు కూడ తీసికొందురని ఆమె నిద్రలో వలె ఒత్తిగిలినది. వారు భయపడి పారిపోయిరి. ఇంటికి వచ్చిన ధనుర్దాసు భార్యను మందలించెను. కదలక మెదలక యున్నచో వారే తీసికొనిపోయి యుందురు. నేను ఇచ్చుచున్నానను తలపు నీకేల వచ్చెనని అతని ప్రశ్న.

చాటున నిలిచి ఈ మాటలు విన్న శిష్యులు వచ్చి గురువునకు విన్నవించిరి. చినిగిన గుడ్డపీలికకై కలహించినవారెవరు, నగలు పోయినను నాది యను మాట రానీయనివారెవరు అని ఆయన అడుగగా వారు తలవంచుకొనిరి.

మరియొక వృత్తాంతము మహాపూర్ణులది. యామునాచార్యుల శిష్యులలో మారనేరి నంబి యనువారు పంచమ కులమున జన్మించిన పరమ భాగవతులు. వారు పరమపదింపగా మహాపూర్ణులు స్వయముగా అంత్యక్రియలు చేసిరి. ఊరివారు ఆయనను వెలివేసిరి. శ్రీరామానుజులు, లోకమునకు తెలియవలెనని కాబోలు, ఇట్లేల చేసితిరని తమ ఆచార్యుని అడిగిరి. జటాయువునకు సంస్కారము చేసిన శ్రీరామునికన్న నేను అధికుడనా? విదురునికి చేసిన ధర్మరాజునకన్న అధికుడనా? అని మహాపూర్ణులు ప్రత్యుత్తరమిచ్చిరి.

ఇచట ఆచార్యులు ఊరిమాటను ప్రమాణముగా గొనక, రామాయణ భారతములను ప్రమాణముగా గొనిరి. అందరును అంగీకరించిన గ్రంథమే, అందరును వ్యతిరేకించిన కార్యమునకు అండగా నిలిచినది. 2022వ సంవత్సరమున హైదరాబాదు సమీపమందలి ముచ్చింతలలో ప్రతిష్ఠింపబడిన 216 అడుగుల రామానుజ విగ్రహమునకు సమతామూర్తి యని పేరు పెట్టుటలోని సారస్యము ఈ కథల వలననే తెలియును. పేరు విగ్రహమునకు పెట్టినంత మాత్రమున చాలదు. ఆ సమత మన పంక్తిలో కనబడవలెను.

భేదించినను విడిపోకుండుట

ఇపుడొక సందేహము. అందరును అన్నిటను ఏకాభిప్రాయము కలిగియుండవలెనా? అక్కరలేదని శ్రీరామానుజుల చరిత్రయే చెప్పుచున్నది.

ఆయన తిరువాయ్మొழிని మాలాధరుల కడ అధ్యయనము చేసిరి. మాలాధరులు యామునాచార్యుల కడ విన్న అర్థములు చెప్పుచుండగా, శ్రీరామానుజులు కొన్ని పాశురములకు వేరర్థములు మనవి చేయుచుండిరి. ఇది విశ్వామిత్ర సృష్టి యని మాలాధరులు పాఠమును నిలిపివేసిరి. అపుడు గోష్ఠీపూర్ణులు మధ్యస్థులై వచ్చి, ఆ అర్థములును యామునాచార్యుల హృదయమునకు అనుగుణమైనవే యనియు, సాందీపని కడ శ్రీకృష్ణుడు చదివినట్లు ఈయన మీ కడ చదువుచున్నాడనియు చెప్పి పాఠము సాగునట్లు చేసిరి.

ఇందు మూడు విషయములు గ్రహింపదగినవి. శిష్యుడు గురువును త్రోసిపుచ్చలేదు, వినయముతో విన్నవించెను. గురువు అలిగినను శాశ్వతముగా తలుపు మూయలేదు. నడుమ ఒక పెద్ద నిలిచి, ఇరువురును అంగీకరించిన యామునాచార్యుల హృదయమును చూపి సమన్వయించెను. ఏ గోష్ఠికైనను ఈ ముగ్గురును కావలెను.

తరువాతి కాలమున మన సంప్రదాయమున వడకలై, తెన్‌కలై యను రెండు శాఖలు ఏర్పడినవి. మొదటివారు వేదాంత దేశికులను (1268–1369), రెండవవారు పిళ్లై లోకాచార్యులను, మణవాళ మామునులను (1370–1443) విశేషముగా ఆశ్రయింతురు. వీరి నడుమ పదునెనిమిది భేదములున్నవని లెక్కించుట పరిపాటి. కోతిపిల్ల తల్లిని పట్టుకొనినట్లు జీవుడు కొంత ప్రయత్నము చేయవలెనని ఒకరు. పిల్లి తన కూనను నోట కరచుకొని పోవునట్లు భగవంతుడే నిర్హేతుకముగా రక్షించునని ఒకరు. శ్రీదేవియు ఉపాయమగునని ఒకరు. ఆమె మనలను స్వామికి సిఫారసు చేయు పురుషకారమని ఒకరు. తిరునామమునకు నాసికపై పాదము ఉంచువారొకరు, ఉంచనివారొకరు.

ఇవి తేలిక విషయములని చెప్పుట నా యుద్దేశము గాదు. మహనీయులు ప్రాణము పెట్టి విచారించిన అర్థములివి. అయినను రెండు పిల్లలును చేరునది తల్లి చెంతకే యను మాటలో భేదము లేదు. ఇరువురికిని శ్రీమన్నారాయణుడే పరతత్త్వము. ఇరువురికిని శ్రీభాష్యమే భాష్యము, నాలాయిర దివ్యప్రబంధమే ద్రావిడ వేదము, రహస్యత్రయమే మంత్రము, శ్రీరామానుజులే ఆచార్య హారమునకు నాయకమణి. తిరునామము ఏ రూపమున ధరించినను అది స్వామి పాదముల చిహ్నమే. ఆ పాదముల గుర్తును నొసట ధరించి, దాని రూపమును గూర్చి న్యాయస్థానముల మెట్లెక్కిన సందర్భములు చరిత్రలో ఉన్నవి. తీర్పు ఏ పక్షమునకు వచ్చినను అట్టి వివాదమున గెలిచినది గోష్ఠి కాదు.

నవీన కాలపు ఒక ఉదాహరణ

కొత్తగా ఏర్పడిన సమాజములును ఈ వివేకమును అనుభవముచే నేర్చుకొనినవే. దయానంద సరస్వతి 1875లో బొంబాయిలో ఆర్యసమాజమును స్థాపించినపుడు 28 నియమములు ఏర్పరుపబడినవి. 1877లో లాహోరున వానిని పునర్విచారించి పదింటికి కుదించిరి. ఆ పదియే నేటికిని ఆ సమాజమునకు నియమములు. మనకును వారికిని విగ్రహారాధనాది విషయములలో భేదమున్నది. అయినను అందరును తప్పక అంగీకరింపవలసినది కొద్దిగా, స్పష్టముగా ఉండవలెనను వారి నిర్ణయము గ్రహింపదగినది. తప్పనిసరియైన నియమములు పెరిగినకొలది, వానిని పట్టుకొని ఎదుటివానిని వెలివేయుటకు అవకాశములును పెరుగును.

మన గోష్ఠులలో ఆచరణ

ఇంతవరకు విచారించిన దానిని మన భజన మండలులకు, పారాయణ సంఘములకు ఎట్లు అన్వయించుకొనవలెను? విషయములను మూడు తరగతులుగా విభజించుకొనుట శ్రేయస్కరము.

మొదటి తరగతి సిద్ధాంతము. శ్రీమన్నారాయణుని పరత్వము, జీవుని దాసత్వము, శరణాగతి, ఆచార్య సంబంధము, భాగవతుల యెడ సమభావము ఇందు చేరును. వీనియందు రాజీ పనికిరాదు. ఇవి తొలగినచో మిగులునది గోష్ఠి కాదు, గుంపు.

రెండవ తరగతి శాఖా సంప్రదాయము. తనియన్లు, తిరునామపు తీరు, సేవాకాల క్రమము మొదలగునవి. ఎవరి పెద్దలు నేర్పినట్లు వారు శ్రద్ధతో పాటింపవలెను. ఒకరి సంప్రదాయమును మరొకరు మార్చబూనరాదు, హేళన చేయరాదు.

మూడవ తరగతి సౌకర్యము. పారాయణ సమయము, ప్రసాద నిర్ణయము, ఉత్సవ వ్యయము, ఎవరు ముందు నిలువవలెనను ఏర్పాటు. ఇవి అందరును కూర్చుండి మాటలాడి నిర్ణయించుకొనవలసినవి. వచ్చే యేడు మార్చుకొనదగినవి.

తగవు వచ్చిన ప్రతిసారి మొదట అడుగవలసిన ప్రశ్న ఒక్కటి: ఇది ఏ తరగతికి చెందినది? మన తగవులలో అధిక భాగము మూడవ తరగతివి. వానిని మొదటి తరగతివిగా భ్రమించి, సిద్ధాంతమే కూలినట్లు ఆవేశపడుచున్నాము. మరియొక ప్రమాదమును కలదు. సమభావమను మొదటి తరగతి విషయమును మూడవ తరగతికి దించి, వీలున్నచో చూతము అనుట. కొత్తగా వచ్చిన యువకునికి పాశురము నోటికి రాదని వెనుకకు నెట్టుట, ఒక వాడవారికి పంక్తిలో చోటు చూపకుండుట చిన్న పొరపాట్లు గావు. అవి భాగవతాపచారములు. తన యెడ చేసిన అపరాధమును స్వామి సహించును గాని, తన భక్తుని యెడ చేసిన అపరాధమును సహింపడని పెద్దలు పదేపదే హెచ్చరించిరి.

గోష్ఠిలోని పెద్దలకు ఒక విన్నపము. కొత్తవారు చేరినపుడు నియమముల పట్టీని ముందు చూపకుడు. ముందుగా తీర్థమీయుడు, ప్రక్కన చోటీయుడు, పుస్తకమున చదువుచున్న చోటు వ్రేలితో చూపుడు. ప్రేమ వెనుక నడచిన నియమము నిలుచును. పిన్నలకు ఒక విన్నపము. పెద్దల ఆచారము అర్థము గానంత మాత్రమున నిరర్థకమని తలంపకుడు. శ్రీరామానుజులంతటివారు పదునెనిమిది మార్లు నడచిరి. మనము రెండు మార్లైనను అడిగి తెలిసికొందము.

అర్థము తెలిసి అంగీకరించుట, అంగీకరించిన దానిని ఆచరించుట, ఆచరణలో భేదించిన వానిని బంధువుగా చూచుట అను మూడు గుణములను శ్రీవేంకటాచలపతి మన గోష్ఠులకు అనుగ్రహించుగాక. వచ్చు ధనుర్మాసమున మన ఊరి సన్నిధిలో విడిపోయిన రెండు జట్లును మరల ఒక్క వరుసగా నిలిచి తీర్థము స్వీకరించుగాక.

ఇతి శుభమ్.